మోటారుబండి - నిదానము



క్రిందటి మాసమున ఊరగాయ జాడీలకు బూజు పట్టుటను గూర్చి వ్రాసితిని. ఈ మాసము పాతకారు ఇంజను దగ్గి దగ్గి ఆగిపోవుటను గూర్చి వ్రాయబూనితినని విని మావారు నవ్విరి. "జాడీ నుండి ఇంజనుకు దారి యేది?" అని వారి ప్రశ్న. దారి కలదు, అది వంటింటి మీదుగానే పోవుచున్నది. మా అత్తగారు మాత్రము నవ్వలేదు. "రాయమ్మా, ఇంగో నాలుగిండ్లకు తెలిస్తే మంచిదే" అనిరి. ఆమె యట్లనుటకు తగిన కారణము కలదు.

మా మామగారికి 1985వ సంవత్సరపు కారొకటి కలదు. అది యే కంపెనీవారిదో చెప్పను. దోషము దానిది కాదని తుదకు మీరే యెరుగుదురు. సొంతకారునకు రిజిస్ట్రేషను మొదట 15 సంవత్సరములకు ఇత్తురు. అటుపిమ్మట ఐదేసి సంవత్సరములకొకమారు బండిని చూపించి పొడిగించుకొనవలయును. ఈ బండి అట్టి గండములు చాల దాటినది. 2025లో మరల గడువు రానుండగా, అంతకుముందటి వేసవి నుండి దానికీ జబ్బు పట్టుకొన్నది. నమ్మరాని బండిని ఇంట నుంచుకొనుట యెందుకని మామగారు దానిని తూకమునకు అమ్మివేయ నిశ్చయించిరి. నలుబదియేండ్లు చేతితో తుడిచిన వస్తువును తూకమునకు వేయుదుననుచు ఆయన ముఖము గోడవైపు త్రిప్పుకొనిరి. అది నేను చూచితిని.

మొదట జబ్బు సంగతి. 2024 మే నెల, భరణి కార్తె. అత్తగారిని కంటివైద్యము నిమిత్తము మైదుకూరు నుండి కర్నూలునకు తీసికొని పోవుచుంటిమి. కడప నుండి కర్నూలునకు పోవు 40వ నంబరు రహదారిపై మైదుకూరు విడిచిన పిదప దువ్వూరు, చాగలమర్రి, ఆళ్లగడ్డ, నంద్యాల వరుసగా వచ్చును. చాగలమర్రి దాటిన కొంతసేపటికి ఇంజను ఎక్కిళ్లు పెట్టసాగెను. మావారు యాక్సిలరేటరు త్రొక్కినకొలది దాని బలము తగ్గుచు వచ్చెను. రెండు ఫర్లాంగులు కుంటుచు నడచి, ఒక నిట్టూర్పు విడిచి, బండి నిలిచిపోయినది.

అచ్చట చెట్టు లేదు. ఆ వేళ నల్లరేగడి నేల మీది గాలి పొయ్యిలోనుండి వచ్చినట్లుండును. కారులో కూర్చుండిన ఉడికిపోవుదుము. బయట నిలిచిన మాడిపోవుదుము. కొంతసేపటికి అత్తగారు, "అమ్మా, నాకు కండ్లు తిరుగుతాండాయి" అని నా భుజముపై ఒరిగిరి. చెమట ఆగిపోయి ఆమె ఒడలు పెనమువలె కాలుచుండెను. దూరమున బాటప్రక్క టీ అంగడి గుడిసె యొకటి కనబడగా మావారును నేనును ఆమెను ఎత్తుకొని పోయినట్లే నడిపించితిమి. ఆ అంగడి యిల్లాలు మంచము వాల్చి, తడిగుడ్డ కప్పి, స్మృతి కుదిరిన తరువాత ఉప్పువేసిన మజ్జిగ త్రాగించినది. ఆమె పేరు అడుగుటకైనను నాకప్పుడు తోచలేదు. ఆ దినమున ఆ గుడిసె లేకున్నచో ఏమగునో తలచుకొనుటకు నాకిప్పటికిని ధైర్యము చాలదు.

ఆళ్లగడ్డ నుండి మేస్త్రీ యొకడు వచ్చెను. పెట్రోలున్నదా యని ట్యాంకు మూత తీసి పుల్ల ముంచి చూచెను. పంపుమీద తడిగుడ్డ వేసి నీళ్లు చల్లెను. తాళము త్రిప్పగనే ఇంజను పలికినది. "ఎండకు పెట్రోలు ఆవిరైపోతాందమ్మా, పాత బండ్లకు ఇది మామూలే" అని చెప్పి కూలి తీసికొని పోయెను.

అతడు చెప్పినది శాస్త్రమునకు విరుద్ధము కాదు. పెట్రోలులోని తేలిక భాగములు 35, 40 డిగ్రీల వేడికే మరుగ నారంభించును. మన కర్నూలు, కడప సీమలలో వేసవిని గాలి వేడిమియే 43 డిగ్రీలు దాటుచుండును. ఇంజను ప్రక్కన నుండు గొట్టమున ఎంత యుండునో ఊహింపుడు. గొట్టములో ఆవిరి బుడగ నిలిచినచో పంపు ఆ బుడగనే నొక్కుచు వదలుచు నుండును గాని పెట్రోలును ముందుకు పంపజాలదు. అంబాసిడరు, పద్మిని మొదలగు పాత బండ్లలోను, 2000 ప్రాంతము వరకు వచ్చిన మారుతి 800లోను కార్బురేటరు ఉండెడిది గనుక వానిని నడపినవారందరికిని ఈ బాధ తెలిసినదే. కనుక మేమును నమ్మితిమి.

నమ్మి వరుసగా ఖర్చు పెట్టితిమి. మొదట కార్బురేటరు విప్పి కడిగించితిమి. తరువాత ప్లగ్గులు, తరువాత పంపు. ఇంకొక మేస్త్రీ, "ఇప్పుడు పెట్రోల్లో ఇథనాలు కలుపుతాండారు, అదే మీ బండిని తింటాంది" అని రబ్బరు గొట్టములన్నియు మార్చెను. ఇదియు కేవలము తప్పుమాట కాదు. ఆ కలుపు 2025 నాటికి నూటికి 20 పాళ్లకు చేరినది. ఇథనాలు తేమను పీల్చును, పాత ట్యాంకులో అంటిన మడ్డిని కదిలించును, దానిని తలచి చేయని పాత రబ్బరును చెరచును. కావున గొట్టములు మార్చుట వ్యర్థము కాదు. కాని జబ్బు పోలేదు. మొత్తము 11,000 రూపాయలైనవి. బడిపంతులు ఇంట అంత మొత్తము ఎచ్చటనుండి వచ్చునో, ఏయే కోరికలు వాయిదా పడునో ఈ పుటలు చదువువారికి నేను చెప్పనక్కరలేదు.

ప్రతి మరమ్మతు తరువాతను బండి కొన్నిదినములు చక్కగా తిరిగెను. ఊరిలో అంగడికి, బడికి, గుడికి పోయినంతకాలము ఏ రోగమును లేదు. దూరప్రయాణము పెట్టుకొనగనే మరల అదే దగ్గు.

చిన్ననాట మా తండ్రిగారు నాచేత మాధవనిదానము కొంత చదివించియుండిరి. నిదానము, పూర్వరూపము, రూపము, ఉపశయము, సంప్రాప్తి యని రోగము నెరుగుటకు ఐదు మార్గములు మన వైద్యులు చెప్పిరి. వీనిలో ఉపశయమనగా, ఏది చేసిన ఉపశమించునో దానినిబట్టి రోగమును గుర్తించుట. వాడుకలో నిదానమనగా తొందరపడకుండుట. ఈ పనికి రెండర్థములును కావలెనని నాకు తోచినది. మా మేస్త్రీలకు ఉపశయము తెలియును, నిదానము లేదు. ఒక్కసారే రెండు చికిత్సలు చేసి, నయమైన వెంటనే తమకు నచ్చినదానికి ఆ పుణ్యము కట్టుచుండిరి. ఆ రెండవ చికిత్స యేదో అప్పటికి నాకును తెలియదు.

నేను పద్దుపుస్తకము వెనుకపుటలలో బండి ఆగిన ప్రతిసారి నాలుగు సంగతులు వ్రాయ మొదలిడితిని: ఎంత దూరము నడచి ఆగినది, ట్యాంకులో పెట్రోలెంత, ఎండయా చల్లనా, ఎట్లు ఆగినది. శ్రావణమాసమున ముసురు పట్టిన దినమున గూడ ఆగినది. అంతటితో ఎండమాట కొంత సడలినది. కారణమున్నచోట కార్యముండుట అన్వయము. లేనిచోట లేకుండుట వ్యతిరేకము. ఎండ లేకున్నను ఆగినదనగా ఎండ యొక్కటియే కారణము కాదని తేలుచున్నది గదా.

ఎట్లు ఆగినదను ప్రశ్న చాల విలువగలది. ఇంజను నడచుటకు ఒక పాలు పెట్రోలునకు తూకమున సుమారు 15 పాళ్లు గాలి కలియవలయును. ఆ మిశ్రమమును వేళకు నిప్పురవ్వ ముట్టింపవలయును. నిప్పురవ్వ చెడినచో ఇంజను చాలవరకు దీపము ఊదినట్లు ఒక్కసారిగ ఆరిపోవును. పెట్రోలు చాలనిచో ఆకలిగొన్నవానివలె మొదట బలము తగ్గి, తడబడి, దగ్గి, తరువాత పడిపోవును. మా బండి యెన్నడును ఒక్కసారిగ ఆరలేదు. కాబట్టి కాయిలును, కండెన్సరును, పాయింట్లును నేను మనస్సులో విడిచిపెట్టితిని. వీనిలో కాయిలు, కండెన్సరు వేడెక్కినప్పుడు మాత్రమే చెడి, చల్లారగనే మరల పనిచేయు స్వభావము గలవి. కనుక ఒక్కసారిగ ఆరి, అరగంటకు బ్రదుకు బండ్లు గలవారు ముందుగా వానినే అనుమానింపవలయును.

పద్దుపుస్తకములో నన్ను కలవరపెట్టినది వేరొకటి. ట్యాంకు నిండుగ పోయించిన దినమున బండి చాగలమర్రి దాటిన వెంటనే ఆగుచున్నది. సగము ట్యాంకుతో బయలుదేరిన దినమున ఆళ్లగడ్డ దాటి నంద్యాల దాపునకు పోయి ఆగుచున్నది. కడుపునిండ తిన్నవాడు ముందుగ సొమ్మసిల్లుట యేమి? మావారిని అడిగితిని, వారు లెక్కల పంతులు, అయినను ఈ లెక్క వారికిని తెగలేదు.

దీపావళికి పిండివంటలకై 15 కిలోల వేరుసెనగనూనె డబ్బా తెప్పించితిమి. మా చిన్నది ఉత్సాహముతో మేకు పెట్టి డబ్బాకు ఒక మూల రంధ్రము పొడిచి గిన్నెలోనికి వంచినది. నూనె కొంత ధారగ వచ్చి, గుడగుడమని ఎక్కిళ్లు పెట్టి, ఆగి, మరల కొంచెము కక్కి, నిలిచిపోయినది. అత్తగారు మంచము మీదనుండియే, "రెండో బెజ్జం పెట్టల్లమ్మే, గాలి పోకుంటే నూనె యాడ వస్తాది" అనిరి. పిల్ల ఎదుటిమూల రెండవ రంధ్రము పొడువగనే ధార కట్టినది.

నేను చట్రములో పిండి పెట్టుచుంటిని. చట్రము క్రింద పెట్టి పెరటిలోని కారువద్దకు పోయి ట్యాంకు మూతను చూచితిని. అది తాళపు మూత. రెండేండ్ల క్రిందట రాత్రులయందు మా వీధిలో బండ్లనుండి పెట్రోలు దొంగిలించుచుండగా నేనే పోరుపెట్టి కొనిపించిన మూత! వేరొక బండికి చేసినది, దీనికి బిగువుగ సరిపోయినది.

పంపు పెట్రోలును లాగుచున్నదని మనమనుకొందుము. నిజమునకు పంపు తనలో చోటు ఖాళీ చేయును, అంతియే. ట్యాంకులోని పెట్రోలు మీద చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో బరువుతో నిలిచియున్న గాలి దానిని గొట్టములోనికి త్రోయును. పెట్రోలు తరిగినకొలది దాని చోటు నింపుటకు బయటి గాలి లోనికి రావలయును. అందుకై పాత బండ్ల మూతలకు కంటికి ఆనని గాలిరంధ్రమొకటి యుండును, లేదా ట్యాంకునకు వేరుగ గాలిగొట్టముండును. అది మూసికొనిపోయినచో లోపలి గాలి పలుచనై, త్రోయు బలము తగ్గి, తుదకు పంపు ఓడిపోవును. ట్యాంకు నిండుగ నున్నప్పుడు పైన గాలికి చోటు తక్కువ. కొద్ది పెట్రోలు ఖర్చైనను ఆ కొంచెపు గాలి మిక్కిలి పలుచబడును. సగము ట్యాంకులో పైన గాలి విస్తారము. పలుచబడుటకు ఎక్కువ దూరము పట్టును. లెక్క తెగినది! ఊరిలో పది నిమిషముల ప్రయాణమునకు ఏమియు కాకుండుట, అరగంట నిలిపిన మూతసందులనుండి గాలి మెల్లగ జొరబడి ఇంజను తిరిగి పలుకుట, అన్నియు దీనికే సరిపోవుచున్నవి. మరియు ప్రతి మేస్త్రీయు మొదట చేసిన పని యేమి? పెట్రోలున్నదా యని మూత తీసి చూచుట. వారు ఎరుగకయే చేసిన చికిత్స అదియే. పేరు మాత్రము తడిగుడ్డకు వచ్చినది.

ఊహ సరిపోయినంతమాత్రమున నిజమని నమ్మరాదు గనుక పరీక్ష చేయ నిశ్చయించితిమి. మార్గశిరమాసమున తెల్లవారుజామున, చలికి శాలువలు కప్పుకొని, ట్యాంకు నిండించి బయలుదేరితిమి. చాగలమర్రి దాటినది. దగ్గినది. ఆగినది. మావారు బానెట్ తెరవబోగా వారించి, ఇంకేదియు ముట్టవద్దంటిని. ఇంజను తాళము ఆపి, దాపున చుట్ట, బీడీ కాల్చువారెవరును లేరని చూచుకొని మూత త్రిప్పితిని. హుస్సుమని గాలి లోనికి పోయిన శబ్దము అత్తగారికి గూడ వినబడినది. మూత పెట్టి తాళము త్రిప్పగా కొన్ని చుట్లకు ఇంజను పలికినది. నీళ్లు లేవు, తడిగుడ్డ లేదు.

బండితో వచ్చిన పాతమూతను అత్తగారు పారవేయక అటకమీది డబ్బాలో దాచియుండిరి. ఆమె యే వస్తువును పారవేయరు. ఈ విషయమున నేనిదివరకు ఆమెతో వాదించినందుకు చింతించుచున్నాను. తరువాతి ప్రయాణమునకు ఆ మూత పెట్టితిమి. కర్నూలు పోయి వచ్చునంతవరకు ఒక్క ఎక్కిలియు లేదు. మావారు లెక్కల పంతులు గనుక అంతటితో తృప్తిపడక, పిల్లలను ఇంట వదలి, మరల తాళపుమూత పెట్టుకొని ఒంటరిగ పోయిరి. దువ్వూరు, చాగలమర్రి గడచి, అలవాటైన చోటనే ఆగి, నాకు ఫోను చేసిరి. ఆగినందుకు ఆయన అంత సంతోషించుట నేనెన్నడును ఎరుగను.

మీ యింటి పాతబండికి ఇదే జబ్బు కానక్కరలేదు. కొండయెక్కునప్పుడు, వేగము పెంచినప్పుడు మాత్రమే తడబడి, చదునునేలపై మెల్లగ నడచునట్టిదైన ఫిల్టరులో మడ్డి నిండినదేమో చూపింపుడు. పారదర్శకపు ఫిల్టరైనచో ఆగిన వెంటనే దానిలో పెట్రోలున్నదో లేదో బానెట్ ఎత్తి చూచినవారికే తెలియును. ఖాళీగనున్న దోషము ట్యాంకువైపున లేదా పంపువద్ద నున్నది, నిండుగ నున్న దోషము ముందుకు పోయినది. ఎండవేళ మాత్రమే ఆగుచు, మూత తీసినను మారక, పంపును చల్లార్చిన మాత్రమే పలికినచో ఆవిరిమాట నిజమే. గొట్టమును వేడిభాగమునకు ఎడముగ త్రిప్పించుకొనుడు. నల్లనిపొగయు పెట్రోలు వాసనయు వచ్చుచు ఆగుచున్న, పెట్రోలు చాలక కాదు, ఎక్కువై ఆగుచున్నది. చోక్ పూర్తిగ వెనుకకు పోయినదా, కార్బురేటరులోని తేలుబిళ్ల చిల్లుపడినదా యని చూడవలయును. క్రొత్త కార్లలో ఈ గొడవలు తక్కువ. దోషము నమోదుచేయు కంప్యూటరే యుండును, దానిని చదువు సాధనము షెడ్డులందుండును.

కొన్ని పనులు మాత్రము చేయవద్దు. కార్బురేటరు నోట పెట్రోలు పోసి ఇంజను పలికించుట షెడ్డులలో చూచియుందురు. ముఖము కాల్చుకొన్నవారు కలరు. వేడిమీదనున్న రేడియేటరు మూత తీయరాదు. ప్లగ్గు తీగెను చేతపట్టి నిప్పురవ్వ చూడరాదు, ఆ విద్యుత్తు వేల వోల్టులది. మూసిన కొట్టములో ఇంజను నడిపి పరీక్షింపరాదు, వాసనలేని విషవాయువు ప్రాణము తీయును. మూతకు గాలి చాలదని తెలిసినను దానిని వదులుగ పెట్టి నడుపరాదు, పెట్రోలు చిందును. దారిలో బండి ఆగిన, అది యేల ఆగినదో తరువాత చూడవచ్చును. మొదట ముసలివారిని, పిల్లలను దింపి, రహదారికి దూరముగ నీడకు చేర్చుడు. బండి వెనుక ఎర్రని త్రికోణము నిలుపుడు. వేసవి ప్రయాణములో మనిషికి రెండేసి సీసాల నీళ్లు నేనిప్పుడు తప్పక పెట్టుచున్నాను. చాగలమర్రి అవతల టీ అంగడివద్ద ఆగి ఆ యిల్లాలి పేరును అడిగి తెలిసికొంటిని. ఆమెకొక చీర పెట్టి వచ్చితిమి.

మామగారు 2025లో బండిని కడిగి, మెరుగుపెట్టి, తామే దగ్గరుండి చూపించి రిజిస్ట్రేషను పొడిగించుకొని వచ్చిరి. గాలిరంధ్రముగల తాళపుమూతలు గూడ దొరకునట. మా పాతబండికి సరిపోవునది ఇంకను చిక్కలేదు. దొంగలభయము ఉన్నది గనుక, దొరకువరకు బండిని తన మంచమునకు ఎదుటి కిటికీ క్రింద నిలుపుమని అత్తగారు ఆజ్ఞాపించిరి. ఆమెకు కన్ను ఇప్పుడు చక్కగ కనబడుచున్నది, నిద్ర మొదటినుండియు తక్కువ.